గ్రూప్‌లో చదివేది ఎవరు, దాక్కునేది ఎవరు?

ఈ వారం ఎపిసోడ్ కొంచెం వేరుగా ఉంటుంది. కొత్త ఫోన్ గురించి కాదు, ఇంటర్వ్యూ టిప్స్ గురించి కాదు. ఎలిమెంటరీ స్కూల్ గురించి. ఒకటి నుంచి ఐదో తరగతి వరకూ ఉండే మన ఊరి బడి, అందులో పిల్లలు చదవడం ఎలా నేర్చుకుంటారు, ఆ నేర్చుకోవడంలో టీమ్‌వర్క్ అనే మాటకి అసలు అర్థం ఏంటి, ఇదీ ఇవాళ్టి టాపిక్. "మాకెందుకు బ్రో ఇది, మేము బీటెక్‌లో ఉన్నాం" అని స్కిప్ కొట్టేయకండి. చివర్లో మీకో పని చెప్తాను. దానికి మీ దగ్గరున్న ఫోనూ, వారానికి రెండు సాయంత్రాలూ చాలు.

ముందు ఒక చిన్న టెస్ట్. మీ ఇంట్లోనో, పక్కింట్లోనో, బాబాయి వాళ్లింట్లోనో మూడో తరగతి చదివే పిల్ల ఉంటుంది కదా. వాళ్ల తెలుగు వాచకం తీసి పాఠం చదవమనండి. గడగడా చదివేస్తుంది. మనం కూడా "భలే చదివింది" అని మురిసిపోతాం. ఇప్పుడు తను ఎప్పుడూ చూడని కథ ఒకటి ఇవ్వండి. రెండో తరగతి స్థాయిదే, పది లైన్లు చాలు. చాలామంది పిల్లల దగ్గర బండి అక్కడ ఆగిపోతుంది. ఎందుకంటే వాచకంలో పాఠం వాళ్లు చదవలేదు, గుర్తు తెచ్చుకున్నారు. కళ్లు పేజీ మీద ఉన్నాయి, పాఠం మాత్రం నోటికొచ్చిన పాటలా వచ్చేసింది.

ఇది నేను గాల్లో చెప్పే మాట కాదండి. ప్రథమ్ అనే సంస్థ 2005 నుంచి అసర్ పేరుతో ఒక సర్వే చేస్తోంది. పిల్లల చదువుని వాళ్లు బడి రిజిస్టర్ చూసి లెక్కేయరు. పల్లెల్లో ఇంటింటికీ వెళ్లి, ఒక్కొక్క పిల్లని పక్కన కూర్చోబెట్టుకుని, ఒక కాగితం చూపిస్తారు. అందులో అక్షరాలు, చిన్న మాటలు, ఒకటో తరగతి స్థాయి పేరా, రెండో తరగతి స్థాయి కథ ఉంటాయి. పిల్ల ఎంతవరకూ చదవగలిగితే అదే ఆ పిల్ల స్థాయి. 2024 అసర్ ప్రకారం దేశం మొత్తం మీద ప్రభుత్వ బడుల్లో మూడో తరగతి పిల్లల్లో ఆ రెండో తరగతి కథ చదవగలిగినవాళ్లు 23.4 శాతం. 2022లో కోవిడ్ దెబ్బకి అది 16.3కి పడిపోయింది, ఇప్పుడు మళ్లీ లేచింది. మంచిదే. కానీ లేచిన తర్వాత కూడా నలుగురిలో ఒక్కరు చదువుతున్నట్టు. మిగతా ముగ్గురూ రోజూ బడికి వెళ్తూనే ఉన్నారు, క్లాసులో కూర్చుంటూనే ఉన్నారు.

మరి ఆ ముగ్గురూ క్లాసులో ఎందుకు కనపడరు? కోరస్ వల్ల. మనందరికీ తెలిసిన సీనే. టీచర్ ఒక లైన్ చదువుతారు, ముప్ఫైమంది ఒకే గొంతుతో తిరిగి చెప్తారు. బయట రోడ్డు మీద వెళ్లేవాళ్లకి కూడా వినపడుతుంది, "ఆహా, బడి బాగా నడుస్తోంది" అనిపిస్తుంది. ఆ ముప్ఫై గొంతుల్లో పది గొంతులు అర సెకను లేటుగా, పక్కవాడి నోరు చూసి కలుస్తాయి. ఆ పదిమందికీ చదవడం రాదు. కానీ కోరస్‌లో వాళ్లు పట్టుబడరు. సంవత్సరం గడిచిపోతుంది, పై తరగతికి వెళ్లిపోతారు. నాలుగులో సైన్స్ వస్తుంది, ఐదులో లెక్కల్లో రాతలెక్కలు వస్తాయి. లెక్క రాదని మనం అనుకుంటాం. నిజానికి ఆ పిల్లాడికి లెక్క వచ్చు, ప్రశ్న చదవడమే రాదు.

ఇందులో మన లిపి పాత్ర కూడా ఉంది. ఇంగ్లీష్‌లో 26 అక్షరాలు. మనకి వర్ణమాల 56 అని చెప్పుకుంటాం కానీ పని అక్కడితో అయిపోదు. ఒక్కో హల్లుకీ గుణింతం ఉంది, దాని మీద వత్తులు ఉన్నాయి. "కమల" చదివిన పిల్ల "కృష్ణ" దగ్గర ఆగుతుంది, "రాష్ట్రం" దగ్గర కూలబడుతుంది. అంటే గుర్తుపట్టాల్సిన ఆకారాలు వందల్లో ఉంటాయి. మంచి విషయం ఏంటంటే, తెలుగులో రాసినట్టే చదువుతాం, ఇంగ్లీష్‌లోలా స్పెల్లింగ్ ఒకటి, పలికేది ఇంకొకటి కాదు. ఒకసారి గుణింతం, వత్తు పట్టుబడితే ఏ మాటైనా చదవొచ్చు. కానీ ఆ పట్టుబడే వరకూ ఒక్కొక్కరికీ ప్రాక్టీస్ కావాలి. తన నోటితో, తన వేలు పెట్టి, తన స్పీడులో. కోరస్ ఇవ్వలేనిది సరిగ్గా అదే.

సరే, కోరస్ వద్దు, గ్రూపుల్లో చదివిద్దాం అంటారు. ఇక్కడ రెండో సమస్య మొదలవుతుంది. మన దగ్గర "గ్రూప్ ప్రాజెక్ట్" అంటే ఏంటో మీకు చెప్పక్కర్లేదు. ఐదుగురు పిల్లల పేర్లు ఒక చార్ట్ మీద ఉంటాయి. బొమ్మలు ఫ్యాన్సీ షాపులో కొన్నవి, మేటర్ నెట్ సెంటర్‌లో ప్రింట్ తీసింది, అతికించింది ఎవరి అమ్మగారో. అందంగా రాసే ఒక పిల్ల హెడ్డింగ్ రాస్తుంది. మిగతా నలుగురూ? ఫెవికాల్ మూత పట్టుకుని నిలబడతారు. అది టీమ్‌వర్క్ కాదండి, టీమ్ పేరు మీద ఒక్కరి వర్క్.

నవ్వుతున్నారా? బీటెక్ ఫైనల్ ఇయర్ ప్రాజెక్ట్ గుర్తొచ్చిందా? ఆఫీసుల్లో కూడా ఇదే కథ. దీని మీద వందేళ్ల కిందటే ఒకాయన లెక్కలు తీశారు. మాక్స్ రింగెల్‌మన్ అని ఫ్రాన్స్‌లో వ్యవసాయ ఇంజనీరు. మనుషుల చేత తాడు లాగించి బలం కొలిచారు. ఒక్కడే లాగితే ఎంత, ఇద్దరైతే ఎంత, ఎనిమిదిమందైతే ఎంత అని. మనుషులు పెరిగేకొద్దీ మొత్తం బలం పెరిగింది కానీ ఒక్కొక్కరి వాటా తగ్గుతూ వచ్చింది. అంటే జనం పెరిగేకొద్దీ ఒక్కొక్కరూ కాస్త కాస్త వదిలేస్తారు. మన పెద్దవాళ్లు ఒక్క మాటలో చెప్పేశారు: అందరూ పల్లకీ ఎక్కితే మోసేవాళ్లెవరు?

మరి దాక్కోవడానికి వీల్లేని టీమ్ ఎలా ఉంటుంది? మన కోనసీమలోనే చూడొచ్చు. కనుమ రోజున జగ్గన్నతోట ప్రభల తీర్థం. చుట్టుపక్కల ఊళ్ల నుంచి పదకొండు రుద్రుల ప్రభలు వస్తాయి. వరిచేల మీదుగా, కాలవలో దిగి, భుజాల మీద మోసుకొస్తారు. ఎవరి చోటు వాళ్లది. కొందరు భుజం పెడతారు, కొందరు పక్కకి ఒరిగిపోకుండా తాళ్లు పట్టుకుంటారు. తాడు పట్టినవాడు "వేరే వాళ్లు చూసుకుంటార్లే" అని వదిలేస్తే ఏమవుతుందో అక్కడున్న అందరికీ తెలుసు. ప్రతి మనిషికీ ఒక పని ఉంది, ఆ పని ఇంకొకడు చేయలేడు, అది చేయకపోతే వెంటనే తెలిసిపోతుంది. ఈ మూడూ ఉంటేనే టీమ్. లేకపోతే గుంపు.

ఇదే సూత్రం క్లాసులోకి తెచ్చినాయన ఎలియట్ ఆరన్సన్, అమెరికాలో సైకాలజిస్ట్. 1971, టెక్సాస్‌లోని ఆస్టిన్ ఊరు. అప్పటివరకూ విడివిడిగా చదివిన తెల్ల, నల్ల, మెక్సికన్ కుటుంబాల పిల్లలు ఒకే క్లాసులోకి వచ్చారు. క్లాసులో పోటీ, గొడవలు. ఆయన జిగ్‌సా అనే పద్ధతి పెట్టారు. పజిల్ ముక్కలు తెలుసు కదా, అది. పాఠాన్ని ముక్కలు చేసి గ్రూపులో ఒక్కొక్కరికి ఒక్కో ముక్క ఇస్తారు. మొత్తం పాఠం ఎవరి దగ్గరా ఉండదు. పరీక్ష మాత్రం మొత్తం పాఠం మీద. అంటే నా పక్కన కూర్చున్న పిల్ల నాకిష్టం ఉన్నా లేకపోయినా, తన ముక్క నేను శ్రద్ధగా వినాలి, లేకపోతే నాకే నష్టం. తనని వెక్కిరిస్తే తను కంగారుపడి సరిగ్గా చెప్పదు, అదీ నాకే నష్టం. పిల్లలు ఒకరినొకరు గౌరవించమని ఉపన్యాసం ఇవ్వక్కర్లేకుండా, పని తీరే ఆ గౌరవం నేర్పింది.

ఇది మనకెందుకో ఆలోచించండి. మన పల్లెటూరి బడిలో కూడా ఏ పేట పిల్లలు ఆ పేట పిల్లల పక్కనే కూర్చుంటారు. ఆడపిల్లలు ఒక వైపు, మగపిల్లలు ఒక వైపు. బయట ఉన్న గీతలు క్లాసు గచ్చు మీద కూడా కనపడతాయి. ఆ గీతలు చెరపడానికి ఒక కథని నాలుగు ముక్కలు చేయడం అనేది చాలా చిన్న పని. కానీ రోజూ చేయగలిగిన పని.

ఒక ఉదాహరణ చెప్తాను. ఐదో తరగతి అనుకోండి, టాపిక్ ధవళేశ్వరం ఆనకట్ట. నాలుగు కాగితాలు, ఒక్కోదాంట్లో ఆరేడు లైన్లు. మొదటి కాగితం: ఆనకట్ట లేనప్పుడు డెల్టా ఎలా ఉండేది, ఒక ఏడు వరద, ఒక ఏడు కరువు. రెండోది: ఆర్థర్ కాటన్ ఎవరు, ఏం ప్లాన్ చేశారు. మూడోది: 1847లో మొదలుపెట్టి 1852కి ఎలా కట్టారు. నాలుగోది: కాలవలు ఎటెటు వెళ్లాయి, పంట ఎలా మారింది. ఒకటో కాగితం వచ్చిన పిల్లలందరూ ముందు ఒక చోట కూర్చుని అది చదువుకుంటారు, తెలియని మాట ఒకరినొకరు అడుగుతారు. తర్వాత ఎవరి గ్రూపుకి వాళ్లు వెళ్లి తమ ముక్క చెప్తారు. చివర్లో నాలుగు ముక్కలూ కలిపి ఒక పేజీ రాస్తారు. రాజమండ్రి దగ్గర బడి అయితే తర్వాత కాటన్ మ్యూజియంకి తీసుకెళ్లి, ఎవరు చదివిన సంగతి వాళ్లే మిగతావాళ్లకి చూపించమంటే ఎలా ఉంటుంది? ప్రాజెక్ట్ అంటే అదీ.

ఆగండాగండి. ఇక్కడే మీలో ఎవరో అడుగుతారు. "అన్నా, అసలు చదవడమే రాని పిల్లకి ముక్క ఇస్తే ఏం చేస్తుంది?" కరెక్ట్ ప్రశ్న. ఈ ఎపిసోడ్‌లో ముఖ్యమైన పాయింట్ ఇదే. టీమ్‌లు రెండు రకాలు. చదవడం నేర్చుకోవడానికి ఒక టీమ్, చదివి విషయం నేర్చుకోవడానికి ఇంకో టీమ్. రెండిటినీ కలిపేస్తే రెండూ చెడతాయి.

మొదటి రకంలో ఒకే స్థాయి పిల్లలు కలవాలి. అక్షరాల దగ్గర ఉన్నవాళ్లు ఒక చోట, మాటల దగ్గర ఉన్నవాళ్లు ఒక చోట, పేరా చదివేవాళ్లు ఒక చోట. మూడో తరగతా, ఐదో తరగతా అని చూడరు. రోజుకి గంటో రెండు గంటలో ఇలా కూర్చుని, మిగతా టైమ్ మళ్లీ ఎవరి క్లాసుకి వాళ్లు. ప్రథమ్ వాళ్లు దీన్ని ఏళ్ల తరబడి చేశారు. దీన్ని కొలిచి చూసినవాళ్లలో అభిజిత్ బెనర్జీ, ఎస్తర్ డఫ్లో ఉన్నారు, 2019లో నోబెల్ వచ్చినవాళ్లు. వడోదర, ముంబై మున్సిపల్ బడుల్లో బాల్‌సఖి అని ఒక ప్రోగ్రాం నడిచింది. వెనకబడ్డ పిల్లల్ని పదిహేను, ఇరవైమందిని రోజుకి రెండు గంటలు పక్కకి తీసుకెళ్లి, వాళ్లకి రాని దగ్గర నుంచే మొదలుపెట్టేవాళ్లు. పిల్లల మార్కులు పెరిగాయి, అందులోనూ బాగా వెనకబడ్డవాళ్లకే ఎక్కువ లాభం. ఆ బాల్‌సఖిలు ఎవరో తెలుసా? ట్రైనింగ్ కాలేజీ టీచర్లు కాదు. అదే ఏరియాలో ఉండే, హైస్కూల్ చదువు పూర్తిచేసిన అమ్మాయిలు. ఈ మాట గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తాను.

రెండో రకం టీమ్, అంటే జిగ్‌సా లాంటిది, అందులో కలగలుపు ఉండాలి. కానీ ఇంకా తడుముకునే పిల్లకి ఇచ్చే ముక్క చిన్నది ఉండాలి, ముందురోజే ఇవ్వాలి. కావాలంటే బొమ్మ చూసి చెప్పే ముక్క ఇవ్వొచ్చు. చిన్న ముక్క ఇవ్వడం తప్పు కాదు. ముక్కే ఇవ్వకపోవడం తప్పు. "నువ్వు ఫెవికాల్ పట్టుకో" అని చెప్పడమంటే "నువ్వు మాకు అక్కర్లేదు" అని చెప్పడమే.

"ఇదంతా ఫారిన్ ఐడియా, ముంబై ఐడియా, మన దగ్గర కుదరదు" అనేవాళ్లు ఉంటారు. ఆయ్, అక్కడే ఉంది అసలు విషయం. మదనపల్లె దగ్గర రిషివ్యాలీ తెలుసు కదా. అక్కడ పద్మనాభరావు, రమ దంపతులు చుట్టుపక్కల పల్లెల్లో చిన్న బడులు పెట్టారు. ఒకే గది, ఒకే టీచరు, ఐదు తరగతులు. అలాంటి బడిలో టీచర్ ఒక్కరే అందరికీ పాఠం చెప్పడం అయ్యే పని కాదు. అందుకని పాఠాల్ని చిన్న చిన్న కార్డులుగా విడగొట్టారు, మెట్లున్న నిచ్చెనలాంటి చార్ట్ గోడకి తగిలించారు. తను ఏ మెట్టు మీద ఉందో, తర్వాత ఏ కార్డు తీసుకోవాలో పిల్లకే తెలుసు. కొత్త విషయం నేర్చుకునేవాళ్లు టీచర్ పక్కన కూర్చుంటారు, సాధన చేసేవాళ్లు తోటి పిల్లల సాయంతో కూర్చుంటారు, వచ్చేసినవాళ్లు సొంతంగా చేసుకుంటారు. కర్ణాటకలో 1995లో నలి కలి మొదలుపెట్టిన టీచర్లు ఇక్కడికొచ్చి చూసి వెళ్లారు. 2003లో చెన్నై కార్పొరేషన్ బడులు కూడా ఇక్కడి నుంచే పట్టుకెళ్లాయి. మన ఐడియాని పక్క రాష్ట్రాలు కాపీ కొట్టాయన్నమాట.

ఇంకా వెనక్కి వెళ్తే, 1980ల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో బ్రిటన్ ప్రభుత్వ సాయంతో ప్రాథమిక విద్యా ప్రాజెక్ట్ ఒకటి వచ్చింది, ఏపీపెప్ అనేవాళ్లు. మీ ఊళ్లో రిటైరైన మాస్టారిని అడగండి, ఆ పేరు వినగానే గుర్తుపడతారు. దానికి ఆరు సూత్రాలు. చేస్తూ నేర్చుకోవడం ఒకటి. ఒంటరిగా, గుంపుగా, తరగతి మొత్తంగా, మూడు విధాలా పని చేయించడం ఇంకొకటి. పిల్లల మధ్య తేడాల్ని పట్టించుకోవడం, చుట్టూ ఉన్న ఊరిని పాఠంగా వాడుకోవడం, పిల్లలు చేసినవి గోడ మీద పెట్టడం కూడా అందులో ఉన్నాయి. నలభై ఏళ్ల కిందటి మాట ఇది! అంటే మనకి తెలియక కాదు. ట్రైనింగ్‌లో విన్నది క్లాసులో రోజూ జరగడమే కష్టం. నలభైమంది పిల్లలు, సిలబస్ పూర్తిచేయాలన్న ఒత్తిడి, ఫోన్‌లో ఎక్కించాల్సిన ఫొటోలు, అటెండెన్స్‌లు. టీచర్లని తిట్టడం తేలిక. అందుకే నేను ఆ దారిలో వెళ్లడం లేదు. బడి గంటల బయట మనం ఏం చేయగలం అన్నదే నా ప్రశ్న.

అక్కడికొచ్చే ముందు పుస్తకాల సంగతి. చదవడానికి పుస్తకం ఉండాలి, చేతికి అందాలి. గుజరాత్ విద్యావేత్త గిజుభాయి బధేకా 1930ల్లో 'దివాస్వప్న' అనే పుస్తకం రాశారు, తెలుగులో 'పగటికల' పేరుతో దొరుకుతుంది. అందులో లక్ష్మీరాం అనే మాస్టారు నాలుగో తరగతిలో ఒక తమాషా చేస్తాడు. అందరూ ఒకే వాచకం కొనే బదులు, ఆ డబ్బులతో వేరే వేరే పుస్తకాలు కొంటే క్లాసుకే ఒక లైబ్రరీ వస్తుంది కదా అంటాడు. టీమ్‌వర్క్ అంటే ఇంతకన్నా సింపుల్‌గా ఎవరు చెప్తారు? ఒక్కొక్కరూ ఒక్క పుస్తకం తెస్తే, ఒక్కొక్కరికీ ముప్ఫై పుస్తకాలు.

మన గోదావరి వాళ్లకి ఇది కొత్త కాదు. గ్రంథాలయోద్యమ పితామహుడు అంటామే, అయ్యంకి వెంకటరమణయ్య గారు, ఆయన పుట్టింది కొంకుదురులో, 1890లో. ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం 1914లోనే పెట్టారు. అప్పట్లో రోడ్డు లేని ఊళ్లకి కాలవ మీద పడవలో పుస్తకాలు వెళ్లేవి. 1935లో కొల్లిపర, పెదవడ్లపూడి మధ్య కృష్ణా కాలవలో పడవ గ్రంథాలయం నడిచింది. ఆలోచించండి, పడవలో పుస్తకం పంపిన ప్రాంతం మనది. ఇప్పుడు చాలా బడుల్లో పుస్తకాలు ఉన్నాయి, కానీ బీరువాలో ఉన్నాయి. బీరువాకి తాళం ఉంది. "చింపేస్తారండి" అని భయం. 2020లో మన రాష్ట్రంలో 'చదవడం మాకిష్టం' అనే కార్యక్రమం కూడా మొదలుపెట్టారు. పేరు చాలా బాగుంది. ఆ ఇష్టం పుట్టాలంటే పుస్తకం నలగాలి, చిరగాలి. చిరిగిన పుస్తకాన్ని అతికించే పని కూడా పిల్లల టీమ్‌కే ఇవ్వొచ్చు. ఫెవికాల్‌కి అదే మంచి పని.

ఇప్పుడు నలుగురు పిల్లలు ఒక కథ దగ్గర కూర్చున్నారు అనుకుందాం. ఏం చేయాలి? 1984లో అన్నెమేరీ పలింక్సర్, ఆన్ బ్రౌన్ అనే ఇద్దరు పరిశోధకులు ఒక పద్ధతి ప్రచురించారు. చదవగలిగి అర్థం చేసుకోలేని పిల్లల కోసం. నాలుగు పనులు. ఒకటి, ముందేం జరుగుతుందో ఊహించడం. రెండు, ప్రశ్న అడగడం. మూడు, అర్థం కాని మాటని తేల్చడం. నాలుగు, చదివింది రెండు ముక్కల్లో చెప్పడం. నేనైతే నలుగురికీ నాలుగు పనులు పంచుతాను. ఒక పేజీ అయ్యాక పనులు చేతులు మారతాయి. ఊహించినవాడు ఇప్పుడు ప్రశ్న అడగాలి. ఎవరూ ఎప్పుడూ ఒకే పనిలో ఉండిపోరు.

నేను సాఫ్ట్‌వేర్‌లో ఉన్నప్పుడు కోడ్ రివ్యూ అని ఉండేది. నేను రాసింది ఇంకొకరు చదివి, ప్రశ్నలు అడిగి, సరే అంటేనే ముందుకెళ్తుంది. చదివేవాళ్లు ఒట్టినే "బాగుంది" అంటే కుదరదు, ఎందుకంటే రేపు తేడా వస్తే వాళ్లనీ అడుగుతారు. రాబర్ట్ స్లావిన్ అనే విద్యా పరిశోధకుడు గ్రూప్ పని గురించి చెప్పింది కూడా ఇదే. రెండు షరతులు. గ్రూప్‌కి ఒక ఉమ్మడి లక్ష్యం ఉండాలి, ఆ లక్ష్యం ఒక్కొక్కరూ నేర్చుకుంటేనే అందాలి. చార్ట్ అందంగా ఉంటే మార్కులు అంటే ఒక్కరే చేసేస్తారు. చీటీ తీసి ఎవరి పేరు వస్తే వాళ్లు చదవాలి, వాళ్లు చదివితేనే టీమ్ గెలిచినట్టు అంటే? అప్పుడు చదవడం వచ్చిన పిల్ల రానివాడి పక్కన కూర్చుని వేలు పట్టుకుని చదివిస్తుంది. వాడు చదివిన రోజున నలుగురూ గెంతుతారు.

పేరెంట్స్ నుంచి ఒక మాట వస్తుంది, అదీ న్యాయమైనదే. "మా అమ్మాయికి వచ్చేసింది. వేరేవాళ్లకి చెప్తూ కూర్చుంటే దాని చదువు ఏం కాను?" దీనికి రెండు సమాధానాలు. ఒకటి, ఇంకొకరికి చెప్పగలిగితేనే మనకి పూర్తిగా వచ్చినట్టు. మీరు ఎగ్జామ్ ముందు రాత్రి హాస్టల్‌లో ఫ్రెండ్‌కి చెప్పిన టాపిక్ ఇప్పటికీ గుర్తుంటుంది, అవునా కాదా? రెండు, అది రోజంతా కాదు. ఒక ఇరవై నిమిషాలు. మిగతా టైమ్‌లో ఆ అమ్మాయికి తన స్థాయి పుస్తకం, తన కష్టం తనకి ఉండాలి. వచ్చిన పిల్లని జీతం లేని టీచర్‌గా మార్చేస్తే అదీ అన్యాయమే.

సరే, ఇప్పుడు మీ పని. బాల్‌సఖిల్ని గుర్తుపెట్టుకోమన్నాను కదా. ఇంకో సంగతి కూడా ఉంది. ఉత్తరప్రదేశ్‌లోని జౌన్‌పూర్ జిల్లా పల్లెల్లో వాలంటీర్లకి కొద్ది రోజుల ట్రైనింగ్ ఇచ్చి చదివించే క్లాసులు పెట్టించారు. వచ్చిన పిల్లల చదవడం బాగా మెరుగైంది. లోపం ఎక్కడంటే, వచ్చిన పిల్లలు చాలా తక్కువమంది. అంటే మామూలు కుర్రాళ్లు, అమ్మాయిలు నేర్పించగలరు. అసలు కష్టం పిల్లల్ని రప్పించడంలో ఉంది. అక్కడ మీకో అడ్వాంటేజ్ ఉంది. మీరు బయట నుంచి వచ్చిన సంస్థ కాదు, ఆ వీధి అన్నయ్య, ఆ వీధి అక్క. వాళ్లమ్మతో "పిన్నీ, బుజ్జిని ఓ అరగంట పంపించు" అని అడగగలిగేది మీరే.

ఏం చేయాలి? నలుగురు పిల్లలు చాలు. రామాలయం అరుగో, చర్చి వరండానో, మీ ఇంటి వాకిలో. మొదటి రోజు ఒక్కొక్కరినీ విడిగా కూర్చోబెట్టి చదివించండి, మిగతావాళ్ల ముందు కాదు. ఎవరికి అక్షరాల దగ్గర ఆగుతోంది, ఎవరికి వత్తుల దగ్గర ఆగుతోంది, ఒక కాగితం మీద రాసుకోండి. కథల కోసం స్టోరీవీవర్ ఉంది, ప్రథమ్ బుక్స్ వాళ్లు 2015లో పెట్టింది. తెలుగు కథలు ఫ్రీగా, స్థాయిల వారీగా ఉంటాయి, డౌన్‌లోడ్ చేసుకోవచ్చు, ప్రింట్ కూడా తీసుకోవచ్చు. గూగుల్ వాళ్ల రీడ్ అలాంగ్ కూడా ఉంది, తెలుగులో పిల్ల చదువుతుంటే విని, తప్పు పోతే సరిచేస్తుంది. కానీ ఫోన్ మీ చేతిలోనే ఉండాలి. పిల్ల చేతిలోకి వెళ్తే రెండు నిమిషాల్లో షార్ట్స్‌లో ఉంటుంది, మనకి తెలియంది కాదు కదా.

తర్వాత ఇరవై నిమిషాలు ఎవరి స్థాయిలో వాళ్లు, పది నిమిషాలు నలుగురూ కలిసి ఒకే కథ. నాలుగు పనులు పంచండి. చివర్లో చీటీ తీయండి. నెలకోసారి స్టాప్‌వాచ్ పెట్టి చూడండి. 2021లో మొదలైన నిపుణ్ భారత్ లెక్క ప్రకారం మూడో తరగతి అయ్యేసరికి నిమిషానికి అరవై మాటలు అర్థం చేసుకుంటూ చదవాలి. కానీ ఇది పరుగు పందెం కాదు. మన తెలుగు మాటలు పొడుగ్గా ఉంటాయి, ఇంగ్లీష్‌లో నాలుగు మాటలు మనకి ఒక్క మాటలో అయిపోతాయి. అంకె తగ్గిందని పిల్లని తిట్టొద్దు. పోయిన నెల కన్నా ఈ నెల బాగుందా, కథ చెప్పమంటే చెప్తోందా, అంతే చూడండి.

ఒక్క రూల్ మాత్రం గట్టిగా పెట్టుకోండి. ఎవరూ నవ్వకూడదు. చదవడం రాని పిల్లాడు కోరస్‌లో ఎందుకు దాక్కుంటాడు? ఒకసారి ఒంటరిగా చదివినప్పుడు ఎవరో నవ్వి ఉంటారు. ఆ నవ్వు ఆపగలిగితే సగం పని అయిపోయినట్టే. మిగతా సగం గుణింతం, వత్తులు, ఓపిక.

ఎండాకాలం సెలవులు చాలా పెద్దవి ఫ్రెండ్స్. మామిడికాయలకి, క్రికెట్‌కి, రీల్స్‌కి పోగా కూడా బోలెడంత టైమ్ మిగులుతుంది. మీ వీధిలో నలుగురు పిల్లలతో మొదలుపెడితే, ఏ కథ పిల్లలకి బాగా నచ్చిందో, ఎక్కడ ఇబ్బంది వచ్చిందో నాకు రాయండి. అవన్నీ కలిపి ఇంకో ఎపిసోడ్ చేద్దాం. ఈ వీడియోని మీ ఊరి గ్రూపులో, మీకు చదువు చెప్పిన మాస్టారికి, టీచర్ గారికి పంపండి. వాళ్లు ఏమంటారో వినాలని నాకు చాలా కుతూహలంగా ఉంది. వచ్చే వారం కలుద్దాం.